పంతొమ్మిదేళ్ళ పెద్దాయన గ్రీన్ టీ తాగడు

జపాన్‌లో ఏ పేటలోనైనా ఏదో ఒక మధ్యాహ్నం కనిపించే దృశ్యమే ఇది. రెండు సైకిళ్ళు వచ్చి ఆగుతాయి. ఇద్దరు అమెరికన్ కుర్రాళ్ళు దిగుతారు. తెల్ల చొక్కా, టై, తలకి హెల్మెట్, జేబు మీద నల్ల పేరుబిళ్ళ. చెమట తుడుచుకుని ఇంటర్‌ఫోన్ నొక్కుతారు. లోపల డెబ్బై దాటిన ముసలావిడ తెరలో ముఖాలు చూసి, ఏప్రన్ సర్దుకుని, తలుపు జానెడు తీస్తుంది. ఇద్దరూ నడుము వంచి దండం పెడతారు. ఆవిడ వాళ్ళకంటే నాలుగు అంగుళాలు ఎక్కువ వంగుతుంది. ఆట మొదలవకముందే జపాన్ ఒక పాయింటు ముందుంది.

"మేము యేసు క్రీస్తు గురించి..." అని పొడుగాటివాడు అందుకుంటాడు.

"అబ్బ, మీ జపనీసు ఎంత బాగుందండీ!" అంటుంది ఆవిడ.

ఆట అక్కడే ముగిసింది. ఆ సంగతి అబ్బాయికి తెలీదు, అంతే. జపాన్‌లో 'నిహోంగో ఓజోజు దెస్ నె' అని ఎవరైనా మెచ్చుకున్నారంటే మన భాషలో ఇంకా పరాయి వాసన పోలేదని అర్థం. నిజంగా బాగా మాట్లాడేవాణ్ణి ఎవరూ మెచ్చుకోరు. చెన్నై నుంచి వచ్చిన కోడలితో మేనత్తలు "నీ తెలుగు బానే ఉందే" అంటారు చూడండి, అదే రకం మెచ్చుకోలు. అబ్బాయి ఉప్పొంగిపోయి సంచీలోంచి పుస్తకం తీస్తాడు. ఆవిడ ఇంకోసారి వంగి 'మనియత్తే ఇమస్' అంటుంది. మా ఇంట్లో ఉన్నది మాకు సరిపోతోందండీ అని. పేపరు చందా కుర్రాడికీ, ఇన్సూరెన్సు ఏజెంటుకీ, పరుపులు అమ్మేవాడికీ ఆవిడ చెప్పేది ఇదే మాట. దేవుడికి వేరే మాట వెతకాల్సిన అవసరం ఆవిడకి తోచలేదు.

తలుపు చప్పుడు లేకుండా పడుతుంది. జపాన్‌లో ముఖం మీద తలుపు వేసినా చప్పుడు రాదు. 1901 నుంచీ రావడం లేదు.

ఆ కుర్రాళ్ళ పేరుబిళ్ళ మీద ఏముందో చూద్దాం. ఇంటిపేరు, దాని పక్కన 'చోరో'. వీళ్ళు మోర్మన్లనే క్రైస్తవ చర్చి మతప్రచారకులు. ఆ చర్చి మగ మిషనరీలకి ఇంగ్లీషులో ఎల్డర్ అనే బిరుదు ఉంటుంది, దానికి జపనీసులో ఈ మాట పెట్టారు. చోరో అంటే మామూలు జపనీయుడికి తట్టేది ఊరి పెద్దాయన. నెరిసిన గడ్డం, చేతికర్ర, ఊళ్ళో తగువు వస్తే రావిచెట్టు కింద కూర్చుని తీర్పు చెప్పే మనిషి. అదీ ఆ మాటలో పలికే బొమ్మ. ఇక్కడ పెద్దాయనకి పంతొమ్మిదేళ్ళు. 2012లో వయసు ఇంకా తగ్గించి పద్దెనిమిదికే పంపవచ్చన్నారు. మొటిమలు మానకముందే పెద్దరికం ఇచ్చేశారు. వయసుని బట్టి ఎవరు ఎవరికి ఎంత వంగాలో లెక్కగట్టే దేశంలో, తొంభై నిండిన తాతగారి ముందు నిలబడి "నేను పెద్దాయనని" అని పరిచయం చేసుకోవడానికి గొప్ప విశ్వాసం ఉండాలి. ఆ విశ్వాసాన్ని నేను శంకించడం లేదు.

చర్చి పేరు ఇంకా బాగుంటుంది. కడవరి దినాల పరిశుద్ధులు అనడానికి జపనీసులో 'మత్సుజిత్సు సెయితో' అని అనువదించుకున్నారు. మత్సుజిత్సు అంటే చివరి రోజు. లోకాంతం అనే భావం అందులో ఉంది, కాదనను. కాకపోతే మామూలు సంసారికి ఆ మాట ఎదురయ్యేది కరెంటు బిల్లు మీదా, అద్దె ఒప్పందంలోనూ. నెలాఖరు లోపల కట్టవలెను అనే చోట. కాబట్టి బోర్డు మీద ఆ పేరు మొదటిసారి చూసినవాడికి నెలాఖరు మహాత్ముల సంఘమని తోస్తే తప్పు అతనిది కాదు. ఆదాయంలో పదో వంతు చర్చికి కట్టాలన్న నియమం కూడా వింటే, ఆ అనుమానం కాస్తా బలపడుతుంది.

ఈ కథలో ఎవరు ఎవరింటికి ముందు వెళ్ళారో కూడా చెప్పుకోవాలి. 1872 ఫిబ్రవరిలో ఇవాకురా టొమోమి నాయకత్వంలో జపాన్ రాయబార బృందం అమెరికా రైల్లో వెళుతూ, మంచు పడి దారి మూసుకుపోతే సాల్ట్ లేక్ సిటీలో రెండు వారాలకు పైగా చిక్కుబడింది. మోర్మన్ల రాజధాని అదే. వాళ్ళ అధినేత బ్రిగమ్ యంగ్ అప్పుడు గృహనిర్బంధంలో ఉన్నాడు. ప్రపంచంలో ఎవరిదగ్గర ఏముందో చూసి, పనికొచ్చేది మూటగట్టుకు రమ్మని పంపిన బృందం అది. రైల్వేలు చూశారు, పార్లమెంట్లు చూశారు, ఫ్యాక్టరీలు చూశారు, వాళ్ళ రాయసకాడు కుమె కునితకె అన్నీ రాసుకున్నాడు. సాల్ట్ లేక్ గురించీ రాసుకున్నాడు. బృందం తిరిగొచ్చాక జర్మనీ నుంచి సైన్యం పద్ధతి, బ్రిటన్ నుంచి నౌకాదళం పద్ధతి దిగుమతి అయ్యాయి. సాల్ట్ లేక్ నుంచి ఏమీ దిగుమతి కాలేదు. షాపంతా తిరిగి చూసి, దండం పెట్టి బయటికొచ్చిన గిరాకీ అన్నమాట. ఆ గిరాకీ ఇంటికి మళ్ళీ సరుకు ఎత్తుకెళ్ళడానికి దుకాణదారుకి 29 ఏళ్ళు పట్టింది.

1901 ఆగస్టు 12న యోకొహామా రేవులో హీబర్ జె. గ్రాంట్ అనే అపొస్తలుడు ముగ్గురు అనుచరులతో దిగాడు. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు, ఆయన వెంట ఆయన పెళ్ళిళ్ళ కథ కూడా దిగింది. ఆయన ముగ్గురిని పెళ్ళాడిన మనిషి. ఒకావిడ అప్పటికే కాలం చేసింది, ఇద్దరు ఉన్నారు. చర్చి 1890లోనే బహుభార్యాత్వానికి స్వస్తి చెప్పామని ప్రకటించింది గానీ పత్రికలవాళ్ళకి అంత రుచికరమైన సంగతి పదకొండేళ్ళలో పాచిపోతుందా? యోకొహామాలో ఒక బోర్డింగ్ హౌస్ గది ఇవ్వనంది. పత్రికలు రోజుల తరబడి ఆ పెళ్ళిళ్ళ మీదే వాదించుకున్నాయి.

ఇక్కడ నవ్వాల్సింది గ్రాంట్‌ని చూసి మాత్రమే కాదు. అప్పుడు జపాన్ సింహాసనం మీద మెయిజీ చక్రవర్తి ఉన్నాడు. ఆయన వారసుడైన యువరాజు పుట్టింది పట్టమహిషి కడుపున కాదు, అంతఃపురంలో యనగిహర నరుకో అనే ఉపపత్ని కడుపున. మంత్రులకీ షావుకార్లకీ చిన్నిళ్ళు ఉండటం ఆ రోజుల్లో హోదా. అటువంటి దేశపు పత్రికలు "ఛీ, ఛీ, ఇద్దరు భార్యలా!" అని ముక్కు మీద వేలేసుకున్నాయి. గ్రాంట్ గారి నేరం ఇద్దరిని ఉంచుకోవడం కాదు, ఇద్దరినీ పెళ్ళి చేసుకోవడం.

సెప్టెంబరు 1న ఊరి బయట చెట్ల మధ్య ప్రార్థన చేసి ఆయన జపాన్ దేశాన్ని సువార్తకు అంకితం చేశాడు. జపాన్‌ని ఎవరూ అడగలేదు. ఆరు నెలలు గడిచాక, 1902 మార్చిలో, మొదటి మనిషి నీళ్ళలో మునిగాడు. నకజవా హజిమె అనే షింటో పూజారి. కొండను తవ్వితే ఎలుక అనకూడదు, పూజారే దొరికాడు. ఆ వరసలో దేశంలోని పూజారులంతా వస్తారని ఆశపడి ఉంటారు. రాలేదు. గ్రాంట్ గారికి భాష పట్టుబడలేదు, 1903లో ఇంటికెళ్ళిపోయాడు.

వెంట వచ్చినవాళ్ళలో ఆల్మా టేలర్ అనే పంతొమ్మిదేళ్ళ పెద్దాయన మాత్రం ఉండిపోయాడు. ఎనిమిదిన్నరేళ్ళు! ఈ మొత్తం కథలో నేను టోపీ తీసేది ఇతని ముందే. వచ్చినప్పుడు ఒక్క అక్షరం రాని కుర్రాడు కూర్చుని, వాళ్ళ పవిత్ర పుస్తకమైన మోర్మన్ గ్రంథమంతా జపనీసులోకి మార్చాడు. 1909లో అచ్చయింది. శైలి సరిదిద్దడానికి ఇకుతా చోకో అనే సాహితీవేత్తని పెట్టుకున్నాడు. ఇకుతా గారు ఆ పని ముగించి, చేతులు కడుక్కుని, తర్వాత పట్టుకున్న పుస్తకం ఏమిటనుకున్నారు? నీచే రాసిన 'జరతూస్త్ర'. దేవుడు చచ్చిపోయాడని చాటిన మహానుభావుడి పుస్తకం. 1911లో అదీ అచ్చయింది. దేవుడు మాట్లాడుతున్నాడు అన్న పుస్తకానికీ, దేవుడు లేడు పొమ్మన్న పుస్తకానికీ ఒకే కలం, రెండేళ్ళ తేడాలో, సమానమైన శ్రద్ధతో పని చేసింది. జపాన్ మతదృష్టి గురించి ఇంతకంటే వివరంగా చెప్పే గ్రంథం నాకు తెలీదు. దురదృష్టమేమిటంటే ఆ దేశపు చదువరులు ఎక్కువగా చదివింది రెండో పుస్తకాన్ని.

1901 నుంచి 1924 దాకా 23 ఏళ్ళు. బాప్తిజం పొందినవాళ్ళు మొత్తం 166 మంది. ఏడాదికి ఏడుగురు. మన ఊళ్ళో చీటీపాట మొదలెడితే వారంలో ఇంతకంటే ఎక్కువమంది చేరతారు.

1923 సెప్టెంబరు 1న కాంటో భూకంపం యోకొహామాని నేలమట్టం చేసింది, టోక్యోని తగలబెట్టింది. గ్రాంట్ గారు అంకిత ప్రార్థన చేసిన తేదీయే. లక్షమందికి పైగా పోయారు, ఆ తేదీల పొంతన మీద చమత్కరించడానికి నాకు నోరు రాదు. మరుసటి ఏడాది అమెరికా ప్రభుత్వం చేసిన పని మీద మాత్రం వస్తుంది. 1924 వలస చట్టంతో జపనీయులకు అమెరికా తలుపు మూసేసింది. ఆ మాటకి అర్థం ఏమయ్యా అంటే, పరలోకానికి వీసా ఇస్తాం, శాన్‌ఫ్రాన్సిస్కోకి మాత్రం ఇవ్వం. శాశ్వత జీవితంలో మీరు మా పక్కనే కూర్చోవచ్చు, కాలిఫోర్నియాలో కూరగాయల తోట పక్కన మాత్రం వద్దు. ఇటువంటి ప్రేమ సందేశం ఇంటింటికీ పంచడం ఎంత పెద్దాయనకైనా కష్టమే. ఆ వేసవిలోనే మిషన్ మూసేశారు. మూసేయమన్న చర్చి అధ్యక్షుడు ఎవరు? హీబర్ జె. గ్రాంట్. కొబ్బరికాయ కొట్టినాయనే వచ్చి తాళం కప్ప వేశాడు.

ఆ తర్వాత రెండు దేశాలూ బాంబులతో మాట్లాడుకున్నాయి. మళ్ళీ వచ్చిన మోర్మన్లు సైకిళ్ళ మీద రాలేదు, సైనిక దుస్తుల్లో వచ్చారు. నగోయా దగ్గర నరుమి అనే ఊళ్ళో 1945లో ఒక ఇంట్లోకి ముగ్గురు అమెరికన్ సైనికులు వచ్చారు. ఓడిపోయిన దేశం, తిండిగింజలకే కటకట. అయినా ఇంటాయన సాటో తత్సుయి అతిథులకి టీ పోయించాడు. వాళ్ళు వద్దన్నారు. గెలిచినవాడు ఓడినవాడి ఇంటికొచ్చి, అడక్కుండా ఏదైనా పట్టుకుపోగల రోజుల్లో, ఇచ్చిన టీ వద్దంటున్నాడు! ఎందుకు వద్దంటున్నారని సాటో అడిగాడు. మా మతంలో నిషేధం అన్నారు. ఏ మతం? అలా మొదలైంది. 1946 జులై 7న సాటో, ఆయన భార్య ఒక విశ్వవిద్యాలయపు ఈతకొలనులో బాప్తిజం తీసుకున్నారు. గ్రంథాన్ని వాడుక భాషలోకి మళ్ళీ అనువదించిందీ ఆయనే, 1957లో.

ఇరవై మూడేళ్ళ ప్రసంగాలు చెయ్యలేని పని ఒక కప్పు టీ తాగకపోవడం చేసింది. ఇందులో ఉన్న సూక్ష్మం మిషన్ పెద్దలకి అందలేదు. సాటోని కదిలించింది టీ మానెయ్యడం కాదు, అధికారం ఉన్నవాడు మొహమాటపడటం. వాళ్ళు సూక్ష్మాన్ని వదిలేసి టీని పట్టుకున్నారు.

టీ సంగతి కాస్త సాగదీస్తాను, క్షమించాలి. తెలుగువాణ్ణి, ఈ బాధ నాకు అర్థమవుతుంది. 1833లో ఆ చర్చి స్థాపకుడు జోసెఫ్ స్మిత్‌కి వచ్చిన దైవవాక్కు ప్రకారం మద్యం, పొగాకు, 'వేడి పానీయాలు' కూడదు. వేడి పానీయాలంటే టీ, కాఫీ అని తర్వాత వ్యాఖ్యానం చేశారు. అమెరికాలో ఇది వంటింటి వ్యవహారం. జపాన్‌లో టీ వంటింట్లో ఉండదు, నాగరికత నడిమధ్యన ఉంటుంది. ఆఫీసుకి వెళితే టీ, శ్రాద్ధానికి వెళితే టీ, బ్యాంకులో అప్పు అడగడానికి వెళ్ళినా టీ. టీ పొయ్యడానికే నాలుగొందల ఏళ్ళుగా గురుపరంపరలు ఉన్న దేశం అది. పన్నెండేళ్ళు నేర్చుకుంటే గిన్నె సరిగా తిప్పడం వస్తుంది. అక్కడికి వెళ్ళి ఆకుని ఉడకబెట్టడం పాపం అనడం, గోదావరి జిల్లాలో దిగి ఆవకాయ సైతాను సరుకు అన్నట్టు.

అందరికీ కలిగే సందేహం జపాన్ భక్తులకీ కలిగింది. గ్రీన్ టీ కూడా టీయేనా? చల్లారిస్తేనో? ఈ ధర్మసందేహాలకి 2019లో చర్చి యువజన పత్రిక విస్పష్టంగా తీర్పు చెప్పింది. ఆకు ఒక్కటే, కాబట్టి పచ్చదైనా నల్లదైనా టీ టీయే, ఐస్ వేసినా టీయే. ఇక మిగిలింది ముగిచా. వేయించిన బార్లీ గింజల కషాయం, టీ మొక్కకి దూరపు బంధువు కూడా కాదు. జపాన్ మోర్మన్ల స్వర్గద్వారం బార్లీ గింజ మీద నిలబడి ఉంది.

ఆ భక్తుడి సాయంత్రం ఎలా గడుస్తుందో చూడండి. ఆఫీసు ముగిశాక బాసు అందరినీ మందుకి తీసుకెళ్ళాడు. వెళ్ళకపోతే ఉద్యోగానికి చేటు. కూర్చోగానే "ముందు బీరు చెప్పండి" అంటారు. మనవాడు మందు తాగడు. ఫర్వాలేదు, అక్కడ తాగనివాళ్ళకి మర్యాదైన దారి ఒకటుంది. ఊలాంగ్ టీ తెప్పించుకుంటే రంగు విస్కీలా ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. ఊలాంగ్ కూడా అదే ఆకు! సరే, కాఫీ? ఊహూఁ. చివరికి సూటూ బూటూ వేసుకున్న నలభై ఐదేళ్ళ సెక్షన్ మేనేజరు పసిపిల్లాడిలా నారింజ రసం గ్లాసు ఎత్తి 'కంపాయ్' అంటాడు. నలుగురూ నవ్వరు. చాలా మర్యాదగా నవ్వరు. మర్నాటి నుంచి అతన్ని పిలవడం మానేస్తారు. సింహాల బోనులో వేసే రోజుల్లో హతసాక్షులు అయిదు నిమిషాల్లో ముగిసిపోయేవాళ్ళు. ఇతనికి ముప్ఫై ఏళ్ళ సర్వీసు ఉంది.

(ఇది మరీ పరాయి సంగతని అనుకోకండి. భారతదేశంలో ఆ చర్చి మొట్టమొదటి 'స్టేక్', అంటే వాళ్ళ పరిభాషలో నిలదొక్కుకున్న ప్రాంతీయ విభాగం, 2012లో ఏర్పడింది హైదరాబాద్‌లో. ఇరానీ చాయ్ ఊళ్ళో! ఆ భక్తుల నిగ్రహానికి నా వేయి నమస్కారాలు.)

1970లో ఒసాకా ఎక్స్‌పో జరిగింది. మోర్మన్లు ఒక పెవిలియన్ కట్టి, పైన బూర ఊదుతున్న దేవదూతని నిలబెట్టి, లోపల సినిమా వేశారు. 66 లక్షల మంది చూశారు. అరవై ఆరు లక్షలు! సాల్ట్ లేక్‌లో పండగ చేసుకున్నారు. పాపం, వాళ్ళకి తెలియనిదేమంటే ఎక్స్‌పోకి వచ్చిన జపనీయుడు లైను ఎక్కడ ఉంటే అక్కడ నిలబడతాడు. చంద్రుడి మీద నుంచి తెచ్చిన రాయి చూశాడు, దేవదూతని చూశాడు, ఐస్‌క్రీం తిన్నాడు, ఇంటికెళ్ళాడు. అందరికీ దండం పెట్టాడు, రాయికి కూడా.

ఆ ఊపులో వచ్చిందే 1970ల చివరా, 80ల మొదటా టోక్యోలో నడిచిన వ్యవహారం. స్టేషన్ ముందు కుర్రాణ్ణి ఆపు, ఇంగ్లీషు మాట్లాడు, చర్చికి తీసుకురా, నాలుగు ముక్కలు చెప్పు, ముంచు, రాసుకో. కొందరికి కలవడానికీ మునగడానికీ మధ్య ఒక్క పూట కూడా గడవలేదు. నెల నెలా సంఖ్యలు పెరిగాయి, గ్రాఫులు పెరిగాయి, ఆదివారం కుర్చీలు మాత్రం ఖాళీగానే ఉన్నాయి. మునిగినవాడికి తాను ఏ మతంలో చేరాడో తెలీదు, అమెరికన్ల ఏదో క్లబ్బులో ఈత అనుకున్నవాళ్ళు ఉంటే ఆశ్చర్యం లేదు. వీటిని 'తొందర బాప్తిజాలు' అని తర్వాత విమర్శించింది చర్చిలోని జపనీయులే. అంతకుముందు నుంచీ వస్తున్న నిజమైన భక్తులు, నాయనా మా గుళ్ళో ఇదేమిటని తలలు పట్టుకున్నారు. ఊళ్ళోవాళ్ళ పేర్లన్నీ ఓటర్ల జాబితాలో ఎక్కించి, పోలింగునాడు ఎవరూ రాలేదని ఏడ్చే నాయకుణ్ణి మనం ఎరుగుదుం కదా.

ఇప్పుడు చర్చి పుస్తకాల్లో జపాన్ సభ్యులు సుమారు 1.3 లక్షల మంది. పన్నెండు కోట్ల దేశంలో వెయ్యికి ఒకరు. వాళ్ళలో ఆదివారం కనబడేవాళ్ళు ఎందరన్నది వేరే కథ. రావడం మానేశాడని చర్చి తనంతట తాను పేరు తియ్యదు, తీసెయ్యమని సభ్యుడే ఉత్తరం రాసి అడగాలి. జపనీయుడు ఆ ఉత్తరం రాస్తాడా? అంత అమర్యాద పని! రావడం మానేస్తాడు, పేరు అలాగే ఉంచేస్తాడు. నొప్పించకుండా తప్పించుకోవడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. రెండు పక్షాలకీ తృప్తి.

అసలు ఆ దేశంలో మతాల లెక్కలే ఒక వింత. ఏ మతసంస్థ ఎంతమంది భక్తులున్నారని చెబుతుందో ప్రభుత్వం ఏటా కూడుతుంది. మొత్తం 16 కోట్లు, 18 కోట్లు తేలుతుంది. జనాభా 12 కోట్ల చిల్లర! ఒక్కొక్కరు రెండు మతాల్లో ఉన్నారు. పుట్టినప్పుడు షింటో గుడికి, పోయినప్పుడు బౌద్ధ భిక్షువుకి, మధ్యలో పెళ్ళికి తెల్లగౌను వేసుకుని చర్చిలా కట్టిన కల్యాణమండపానికి. ఆ మండపంలో పాదిరీ వేషంలో నిలబడే తెల్లాయన చాలాసార్లు పక్కవీధి ఇంగ్లీషు మాస్టారు, ఆదివారం పార్ట్‌టైము. క్రిస్మస్‌కి కేకు, కేఎఫ్‌సీ కోడి. క్రైస్తవంలో తినేవీ కట్టుకునేవీ అన్నీ తీసుకున్నారు, పాపం ఒక్కటే వదిలేశారు.

ఇంత విశాలమైన ఇంటికి మోర్మన్లు తెచ్చిన షరతు ఏమిటి? మా దేవుణ్ణి పెట్టుకోండి, మిగతావాళ్ళని బయట పెట్టండి. ఆ పెళ్ళి సరదా అయినా తీరనిచ్చారా? వాళ్ళ ఆలయ వివాహానికి సభ్యులు కానివాళ్ళకి ప్రవేశం లేదు. 1980లో టోక్యోలో ఆసియాలోనే వాళ్ళ మొదటి ఆలయం కట్టారు, అరిసుగవా పార్కుకి ఎదురుగా. లోపల కూతురు అనంతకాలానికి సరిపోయే పెళ్ళి చేసుకుంటూ ఉంటే, బౌద్ధురాలైన కన్నతల్లి పార్కులో బెంచీ మీద కూర్చుని చెరువులో తాబేళ్ళని చూస్తూ ఉండవచ్చు. కుటుంబాలు శాశ్వతం అన్నది వాళ్ళ ముఖ్య సందేశం.

బతికినవాళ్ళు రాకపోతే పోయినవాళ్ళు ఉన్నారు. మోర్మన్ ఆలయాల్లో చనిపోయినవాళ్ళ పేరు మీద బతికినవాళ్ళు బాప్తిజం తీసుకుంటారు. ఇంట్లో బుద్ధుడి పీఠం పెట్టి తాతముత్తాతలకి పొద్దున్నే అన్నం నైవేద్యం పెట్టే జపాన్‌కి ఇది నచ్చుతుందని మిషన్ వాళ్ళు నిజంగానే ఆశపడ్డారు. ఆలోచన మంచిదే. తద్దినం పెట్టే మనకీ అర్థమవుతుంది. పేచీ ఎక్కడంటే, మనం తాతగారికి పిండం పెడతాం, మతం మార్చం. మూడొందల ఏళ్ళ కిందట పోయిన రైతుని లేపి, మీకు కొత్త సభ్యత్వం వచ్చిందండీ అనడం వేరు. వాళ్ళ సిద్ధాంతం ప్రకారం ఆ ఆత్మకి ఒప్పుకునే హక్కూ ఉంది, వద్దనే హక్కూ ఉంది. ఆ ఆత్మ జపనీస్ ఆత్మ కాబట్టి జవాబు నేను చెప్పగలను. 'కంగాఎతే ఒకిమస్', ఆలోచించి చెబుతానండీ. జపాన్‌లో వ్యాపారం చేసినవాళ్ళని అడగండి, ఆ మాటకి అర్థం చెబుతారు.

కుర్రాళ్ళ సంగతికొద్దాం, నాకు వాళ్ళ మీదే జాలి. రెండేళ్ళు ఇల్లు వదిలి, సినిమాలూ ప్రేమలూ మానుకుని, పరాయిదేశంలో సైకిలు తొక్కే ఈ పిల్లలకి జీతం ఉండదు. ఎదురుకట్నం ఉంటుంది. ఖర్చుల కింద నెలకి 500 డాలర్లు వాళ్ళో వాళ్ళ అమ్మానాన్నలో కట్టాలి. 2020కి ముందు 400 ఉండేది, పెంచారు. చర్చి పేదదా? దాని పెట్టుబడుల సంస్థలో 10,000 కోట్ల డాలర్ల నిధి పేరుకుందని 2019లో అందులో పనిచేసిన ఉద్యోగే బయటపెట్టాడు. ఆ వాటాలు ఎవరివో తెలియకుండా డొల్ల కంపెనీల పేరిట చూపించినందుకు 2023లో అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ 50 లక్షల డాలర్ల జరిమానా వేసింది. కంచి గరుడ సేవ అంటే మనవాళ్ళు గరుత్మంతుణ్ణి తలుచుకుంటారు. గరుత్మంతుడు మోశాడే గానీ నెలనెలా డబ్బు కట్టలేదు.

పైగా వాళ్ళు వచ్చే వేళ కూడా బాగోలేదు. 1995లో ఓం షిన్రిక్యో అనే మతశాఖ వాళ్ళు టోక్యో మెట్రోలో సారిన్ విషవాయువు వదిలాక, గుమ్మంలో మతం అన్న మాట వింటేనే జపాన్ గొళ్ళెం పెట్టుకుంటుంది. 2022లో మాజీ ప్రధాని అబె షింజో హత్య తర్వాత, తల్లి డబ్బంతా ఇంకో చర్చి ఊడ్చుకుపోయిందన్న హంతకుడి కథ విన్నాక, రెండో గొళ్ళెం కూడా పెట్టింది. ఆ పాపాలు రెండూ మోర్మన్లవి కావు. ఇంటర్‌ఫోన్ తెరలో మాత్రం అందరూ ఒకే సైజులో కనిపిస్తారు.

అందుకే మతాన్ని ఇంగ్లీషులో చుట్టి ఇస్తారు. స్టేషన్ ముందు పంచే కరపత్రాల మీద పెద్దక్షరాల్లో 'ఎయికైవా', ఇంగ్లీషు సంభాషణ, ఉచితం. బయట నెలకి వేల యెన్‌లు గుంజే క్లాసు ఇక్కడ ఊరికే. గృహిణులు వస్తారు, రిటైరైన ఇంజనీర్లు వస్తారు. క్లాసయ్యాక చిన్న ఆధ్యాత్మిక సందేశం అంటే శ్రద్ధగా వింటారు, తలూపుతారు, గ్రంథం ఇస్తే రెండు చేతులతో పుచ్చుకుంటారు. మరుసటి వారం మళ్ళీ ఇంగ్లీషుకి వస్తారు. పదేళ్ళు వస్తారు. ఎర తినేశారు, గాలం మిగిలింది.

ఆ కుర్రాళ్ళు తమ మీద తామే చెప్పుకునే జోకొకటి ఉంది. కొత్తగా వచ్చిన పెద్దాయన ఆవేశంగా "దేవుడు నింజిన్‌ని తన పోలికలో సృష్టించాడు" అని బోధించాడట. మనిషి అంటే నింగెన్. నింజిన్ అంటే క్యారెట్. విన్న ముసలాయన గంభీరంగా తలూపి, మీ జపనీసు చాలా బాగుంది అన్నాడట.

అయితే రెండేళ్ళయ్యేసరికి ఆ కుర్రాడికి క్యారెట్టూ మనిషీ తేడా తెలుస్తుంది. వంగడం వస్తుంది, చెప్పులు విప్పి ముక్కులు బయటికి తిప్పి పెట్టడం వస్తుంది, 'ఆలోచించి చెబుతాను' అనడం కూడా వస్తుంది. అసలు మతమార్పిడి జరిగింది ఇక్కడే. 1971లో మిషనరీగా వచ్చిన కెంట్ గిల్బర్ట్ తర్వాత లాయరై మళ్ళీ జపాన్ చేరి, 1980ల్లో టీవీ తార అయ్యాడు. వస్తువు చూపించి ధర ఊహించమనే క్విజ్ కార్యక్రమంలో దేశమంతా ఆయన్ని చూసింది. అదే దారిలో మిషనరీగా వచ్చిన ఇంకో కెంట్, కెంట్ డెరికాట్, కళ్ళద్దాలు ముందుకీ వెనక్కీ జరిపి కళ్ళు పెద్దవి చేసి చూపించి దేశాన్ని నవ్వించాడు. గిల్బర్ట్ అక్కడితో ఆగలేదు. చైనీయుల, కొరియన్ల దుస్థితికి కన్ఫ్యూషియస్ కారణమంటూ 2017లో జపనీసులో పుస్తకం రాస్తే, అది ఆ ఏడాది వేడివేడిగా అమ్ముడుపోయింది. పొరుగువాణ్ణి ప్రేమించమని చెప్పడానికి వచ్చిన మనిషి, పొరుగుదేశాల మీద జపాన్ మితవాదుల కంటే గట్టిగా కేకలేసే దశకి చేరాడు. గ్రాంట్ గారు మొదలెట్టిన మిషన్ 23 ఏళ్ళ కృషికి 166 మంది జపనీయులు మారితే, జపాన్ ఏ ప్రయత్నమూ చెయ్యకుండా, ఒక్క మిషనరీనీ పంపకుండా, ఏటా వందల మంది అమెరికన్లని మార్చి పంపుతోంది. ఖర్చు వాళ్ళ అమ్మానాన్నలది.

టోక్యోలో నిషికసాయి చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. మీ ఇంటర్‌ఫోన్ కూడా ఎప్పుడో ఒకసారి మోగుతుంది. అలవాటు కొద్దీ అల్లం టీ పెట్టబోకండి, ఫ్రిజ్‌లో ముగిచా ఉంటే గ్లాసులో పోసి ఇవ్వండి. ఆగస్టు ఎండలో టై కట్టుకుని సైకిలు తొక్కుకుంటూ వచ్చిన పిల్లలు. ఇంగ్లీషు మనకి వచ్చు కాబట్టి ఆ గాలం మన మీద పనిచెయ్యదు. వార్డు ఆఫీసు వాళ్ళు పంపిన కాగితం, ఏ వారం ఏ చెత్త బయట పెట్టాలో రాసి ఉంటుంది చూడండి, అది అర్థం కాక ఇన్నాళ్ళూ గోడకి అతికించి ఉంచారు కదా, దాన్ని వాళ్ళ చేతికివ్వండి. చక్కగా చదివి చెబుతారు.